పందెపు ఇంజనుల బేరింగులు

తిరుగుచున్న ఇరుసును దాని స్థానమునందు నిలిపి, దానిపై పడు భారమును మోయుచు, రాపిడిని తగ్గించు యంత్రభాగమును బేరింగు అందురు. మోటారు పందెములలో వాడు ఇంజనులందు క్రాంకుషాఫ్టు, కనెక్టింగ్ రాడ్డు, కామ్‌షాఫ్టు, టర్బోఛార్జరు మొదలగు చోట్ల వేర్వేరు రకముల బేరింగులు ఉండును. ఇంజను ఎంత వేగముగా తిరుగగలదు, ఎంతసేపు నిలువగలదు అనునవి చాలావరకు వీటిపై ఆధారపడి ఉన్నవి.

పరిచయము

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అను సామెత తెలుగువారందరికీ తెలిసినదే. ఎడ్లబండిలో ఇనుప ఇరుసుపై చక్రపు నాభి తిరుగును. ఊడిపోకుండా చివర కడచీల ఉండును. నాభికిని ఇరుసుకును మధ్య ఆముదమో, మసి కలిపిన కందెనో పూసెదరు. ఇది అతి సామాన్యమైన సాదా బేరింగు. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో టైరుబండ్లు వచ్చిన తరువాత ఇరుసు చివరలలో గుండ్లు లేక రోలర్లు గల బేరింగులు అమర్చబడినవి. అదే జత ఎడ్లు మునుపటికంటె ఎక్కువ బస్తాలు లాగుట రైతులు కన్నులారా చూచినారు.

ఈ అనుభవము వలననే ఒక అపోహ కూడ కలిగినది. గుండ్ల బేరింగు ఎల్లప్పుడును సాదా బేరింగు కంటె మేలైనదని చాలామంది తలంతురు. భౌతికశాస్త్ర పాఠము చెప్పు రోజులలో ఈ వ్యాసకర్త తరగతిలో ప్రశ్నించినపుడు, పందెపు కారు ఇంజనులో తప్పక బాల్ బేరింగులే ఉండునని విద్యార్థులు ముక్తకంఠముతో చెప్పెడివారు. నిజమునకు ఫార్ములా వన్ కారులోనైనను, మన ట్రాక్టరులోనైనను క్రాంకుషాఫ్టును మోయునది గుండ్లు లేని సాదా బేరింగే. కారణము తెలియవలెనన్న నూనె పొర సంగతి తెలియవలెను.

నూనె పొర పనిచేయు విధము

1880 దశకములో ఇంగ్లండునందు బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేసెను. బేరింగు పైభాగమున నూనె పోయుటకు రంధ్రము చేయగా, ఇరుసు తిరుగునపుడు నూనె లోనికి పోవుటకు మారుగా పైకి ఉబికి వచ్చెను. బిరడా బిగించినను అది నిలువలేదు. పీడనమాపకమును అమర్చి చూడగా, బేరింగుపై భారము వలన కలుగు సగటు పీడనము కంటె ఎంతో అధికమైన పీడనము నూనెలో కనిపించెను. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితరూపమున వివరణ నిచ్చెను.

వివరణ సులభమే. ఇరుసు బేరింగునకు సరిగా నడుమ ఉండదు, కొంచెము ఒక ప్రక్కకు ఒరిగి ఉండును. అందుచేత రెండింటి మధ్య సందు ఒకచోట వెడల్పుగాను, మరొకచోట ఇరుకుగాను ఉండును. తిరుగు ఇరుసు తనకు అంటుకొనిన నూనెను ఇరుకు చోటులోనికి లాగికొనిపోవును. తప్పించుకొనుటకు చోటు చాలక నూనె పీడనము పెరిగి ఇరుసును పైకెత్తును. ఇరుసు నూనెపై తేలును, లోహమునకు లోహము తగులదు. అనగా బరువును మోయునది నిజమునకు నూనె, చుట్టునున్న లోహము దానికి గోడ మాత్రమే. నూనె పంపు చేయు పని సందులోనికి నూనెను చేర్చుట. భారమును మోయు పీడనమును పుట్టించునది ఇరుసు తిరుగుటయే.

50 మిల్లీమీటర్ల వ్యాసము గల ఇరుసునకు సందు మొత్తము సుమారు 0.05 మిల్లీమీటర్లు ఉండును. ఇది తలవెంట్రుక మందము కంటె తక్కువ. భారము ఎక్కువగా పడు క్షణమున నూనె పొర మందము ఒక మైక్రాన్ దరిదాపునకు, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతునకు దిగవచ్చును. నూనెలో ఇసుక రేణువు ఏమి చేయగలదో ఇందువలన ఊహింపవచ్చును.

భారము ఎంత?

ముషలకము, అనగా పిస్టను, ప్రతి చుట్టునకు పైకి పోయి ఆగి క్రిందికి మరలును. దానిని ఆపి మరల్చు బలమంతయు కనెక్టింగ్ రాడ్డు పెద్దచివర బేరింగు ద్వారానే పోవును. ఉదాహరణకు రాడ్డు పైభాగముతో కలిపి 400 గ్రాముల బరువు గల పిస్టను, 80 మిల్లీమీటర్ల స్ట్రోకు, నిమిషమునకు 6,000 చుట్ల వేగము అనుకొందము. లెక్క కట్టగా పై అంచున బలము సుమారు 8,200 న్యూటన్లు, అనగా 840 కిలోల బరువుతో సమానము. గుంటూరు మిరపయార్డులో ఒక్కొక్క టిక్కీ 40 నుండి 45 కిలోలు తూగును. అరచేతిలో ఇమిడెడు పిస్టను బేరింగుపై ఇరువది టిక్కీల బరువు మోపుచున్నదన్నమాట.

ఈ బలము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. అదే పిస్టనును 12,000 చుట్లు తిప్పిన ఎనుబది టిక్కీలు అగును. 2006లో ఫార్ములా వన్ ఇంజనులు నిమిషమునకు 20,000 చుట్ల వరకు పోయినవి. తరువాత నిబంధనలచే ఆ వేగము 2007లో 19,000కును, 2009లో 18,000కును తగ్గింపబడెను. 2014 నుండి వచ్చిన టర్బో ఇంజనులకు పరిమితి 15,000. ఆ ఇంజనులలో పిస్టనులను చాలా తేలికగాను, స్ట్రోకును చాలా పొట్టిగాను చేయుటకు ముఖ్యకారణము ఇదియే.

పాత బేరింగు పెంకులను చూచి ఇంజనును నడిపిన తీరును చెప్పవచ్చును. మండిన వాయువు పిస్టనును నొక్కు బలము రాడ్డు వైపు పెంకుపై పడును. విపరీత వేగమున పిస్టను పైకి లాగు బలము క్రింది మూత వైపు పెంకుపై పడును. మూత వైపు పెంకు ఎక్కువగా అరిగినచో ఇంజనును మితిమీరిన వేగముతో తిప్పినారని అనుభవజ్ఞుడైన మెకానిక్కు గ్రహించును.

పెంకు బేరింగుల నిర్మాణము

1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ తగరము, ఆంటిమొని, రాగి కలిపిన మెత్తని మిశ్రలోహమును బేరింగులకు ప్రవేశపెట్టెను. దీనినే వైట్ మెటల్ అందురు. పూర్వము లేతు షాపులలో దీనిని కరగించి రాడ్డులో పోసి, తరువాత కొలతకు చెక్కెడివారు.

నేటి పందెపు ఇంజనులో ఉండునది పలుచని రెండు అర్ధచంద్రాకార పెంకులు. వెనుక ఉక్కు, దానిపై రాగి ఆధారమైన మిశ్రలోహపు పొర, ఆపైన పలుచని నికెల్, అన్నిటికంటె పైన 13 నుండి 25 మైక్రాన్ల మందము గల మెత్తని పూత ఉండును. ఇచ్చట పరస్పర విరుద్ధమైన కోరికలు కలవు. పూత మెత్తగా ఉన్నచో ధూళిరేణువును తనలో ఇముడ్చుకొని ఇరుసును కాపాడును, ఇరుసు స్వల్పముగా వంగినను సర్దుకొనును. కాని మెత్తని లోహము ఎడతెగని దెబ్బలకు అలసి పగులును. అందుచేతనే మెత్తని పూతను బలమైన లోహముపై అతి పలుచగా వేయుదురు. సీసము హానికరమగుటచే దానికి బదులు అల్యూమినియం–తగరపు మిశ్రమము, బిస్మతు, మాలిబ్డినం డైసల్ఫైడు కలిపిన పాలిమరు పూతలు వాడుకలోనికి వచ్చినవి.

పెంకు అంచున గల చిన్న నాలుక దానిని తిరుగకుండా పట్టుకొనునని చాలామంది నమ్మకము. అది సరికాదు. నాలుక పెంకును సరియైన చోట కూర్చోబెట్టుటకు మాత్రమే. పెంకులు అసలు అర్ధవృత్తము కంటె రవ్వంత పొడవుగా చేయబడును. బోల్టులు బిగించినపుడు అవి నొక్కుకొని గట్టిగా నిలుచును.

గుండ్లు, రోలర్లు గల బేరింగులు

వీటిని క్రాంకుషాఫ్టునకు వాడి చూడకపోలేదు. 1954, 1955 సంవత్సరములలో విజయములు సాధించిన మెర్సిడెస్ డబ్ల్యూ 196 కారు ఇంజనులో రోలరు బేరింగులే ఉండెను. పోర్షే వారి నాలుగు కామ్‌షాఫ్టుల ఇంజను కూడ అట్లే మొదలై, తరువాతి రూపములలో సాదా బేరింగులకు మారినది. చిక్కు ఏమనగా, క్రాంకుషాఫ్టు వంకరలు గలది కనుక పూర్తి వలయాకార బేరింగు దానిపైకి ఎక్కదు. అందుచేత షాఫ్టును ముక్కలుగా చేసి కూర్చవలెను. అది ఖరీదు, బరువు. రోలరు గీత వంటి సన్నని చోట మాత్రమే తాకును కనుక అచ్చట ఒత్తిడి విపరీతము. నూనె పొర దెబ్బను మెత్తగా తీసుకొనును, ఉక్కు రోలరునకు ఆ గుణము లేదు. 1967లో వచ్చి ఎన్నో పందెములను గెలిచిన కాస్‌వర్త్ డి.ఎఫ్.వి. ఇంజనులో సాదా బేరింగులే ఉండెను.

రెండు స్ట్రోకుల ఇంజను సంగతి వేరు. అందు పెట్రోలు, గాలి మిశ్రమము క్రాంకు పెట్టెలోనుండియే పోవును కనుక నూనెను పీడనముతో పంపుటకు వీలులేదు. పెట్రోలుతో పాటు వచ్చు నూనె తుంపరలే ఆధారము. రోలరు బేరింగునకు ఆ మాత్రము చాలును. 1985 నుండి 1996 వరకు మన దేశమున తయారైన యమహా ఆర్.ఎక్స్. 100 ఈ తెగలోనిదే. దానిని పందెములకు మార్చుకొనిన యువకులు ఊరూర ఉండిరి. టర్బోఛార్జరు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. అందు తేలు బుష్షులు గాని, పింగాణీ గుండ్ల బేరింగులు గాని వాడుదురు. కొన్ని పందెపు ఇంజనులలో కామ్‌షాఫ్టునకు కూడ రోలరు బేరింగులు ఉండును.

నూనె అందనిచో

కారు మలుపు తిరుగునపుడు నూనె ఒక ప్రక్కకు పోవును, పంపు గాలిని పీల్చును. కొన్ని క్షణములు చాలును, పెంకు కరగి ఇరుసునకు పట్టుకొనును. దీనిని నివారించుటకు పందెపు కార్లలో నూనెను ఇంజను అడుగున నిలువనీయక, పంపులతో లాగి వేరొక తొట్టిలో ఉంచుదురు. ఫార్ములా వన్ ఇంజనును చల్లగా ఉన్నపుడు త్రిప్పరు. వేడి ద్రవములను పంపి వెచ్చచేసిన తరువాతనే ప్రారంభింతురు.

పొలములలోని లిస్టరు రకపు ఆయిల్ ఇంజను నిమిషమునకు 650 చుట్లు మాత్రమే తిరుగును. అందు రాడ్డు చివర ఒక చిన్న గరిటె ఉండి, ప్రతి చుట్టునకు నూనెలో మునిగి చల్లును. నూనె మట్టము గరిటె అందనంత క్రిందికి దిగినచో ఇంజను నడచుచునే ఉండును, బేరింగు మాత్రము మాడిపోవును. ఈ వ్యాసకర్త బాల్యమున పొరుగు రైతు ఇంజను ఇట్లే మిరప తోటకు నీరు పెట్టు రాత్రి పట్టివేసినది. నూనె చూచుట మరచిన ఫలితము. రాడ్డు లేతుకు పోయి వచ్చుసరికి పదునైదు దినములు గడచెను, ఆ కాపు దక్కలేదు.

విద్యుత్ పందెపు కార్లు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరమున ఫార్ములా ఇ పందెము జరిగినది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఈ కార్లలో పిస్టను లేదు, పైకి క్రిందికి కొట్టు దెబ్బలు లేవు. మోటారు ఇరుసు నిటారుగా ఉండును కనుక పూర్తి వలయపు బేరింగు సులభముగా ఎక్కును. అందుచే విద్యుత్ మోటార్లలో గుండ్ల బేరింగులకే తిరిగి స్థానము లభించినది. ఇచ్చట కొత్త చిక్కు వేరొకటి కలదు. మోటారును నడుపు విద్యుత్తులో కొంత ఇరుసు గుండా, ఉక్కు గుండ్ల గుండా పారి, సన్నని నిప్పురవ్వలతో వాటిపై గుంటలు చేయును. సిలికాన్ నైట్రైడు అను పింగాణీ గుండ్లు విద్యుత్తును పోనీయవు, పైగా ఉక్కు కంటె తేలిక కనుక అధిక వేగమున వలయముపై తక్కువగా ఒత్తును.