పరదేశమున మన ఆడుబిడ్డలు – శాసనసభలో వారి మొర

పరదేశమున జరుగు నన్యాయమును గూర్చి మన శాసనసభలో నొక సభ్యుడు లేచి ప్రశ్నించెనని పత్రికలో జదివినప్పుడు మన గృహిణులలో బెక్కుమంది పుట మరల్చుదురు. “అచ్చటి ప్రభుత్వము వేరు, అచ్చటి చట్టము వేరు, ఇచ్చట నెంత మాటలాడినను అచ్చట వినువా రెవ్వరు?” అని వారి సందేహము. ఇది సహజమైన సందేహమే. కాని యది సరియైనది కాదని మన దేశచరిత్రయే చెప్పుచున్నది. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పరిసర గ్రామములనుండి ఆడువారు గల్ఫుదేశములకు ఇంటిపనికై పోవుచున్న యీ దినములలో, ఆ చరిత్రను మన సోదరీమణు లెరుంగుట మిక్కిలి యవసరమని మేము తలంచుచున్నాము.

మన గోదావరీమండలపు జనులు సముద్రము దాటి కూలికి బోవుట నేటి మాట కాదు. తాళ్ళరేవు చెంతనున్న కోరంగి రేవునుండి యోడలెక్కి మనవారు మారిషసునకును, బర్మాకును బోయిరి. అందుచేతనే యా దేశములలో తెలుగువారికి “కోరంగివా”రను పేరు గలిగినది. 1860 నవంబరు 16వ తేదీన “ట్రూరో” యను నోడ మద్రాసునుండి కూలివారిని గొనిపోయి దక్షిణాఫ్రికాయందలి నేటాలులో డర్బను రేవున దింపెను. అది మొదలు 1911 వరకు నేటాలునకు బోయిన భారతీయులు సుమారు 1,52,000 మంది. వారిలో తెలుగువారును పెక్కుమంది కలరు. వారి సంతతివారే 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనిరి.

ఈ కూలివారు 5 సంవత్సరముల యొడంబడికపై వ్రేలిముద్ర వేసి పోవలసియుండెను. పని మానినను, తోట విడిచి వెలుపలికి బోయినను, అది నేరమే; దానికి జెరసాల. నేటాలులో మగవానికి మొదటియేట నెలకు 10 షిల్లింగులు జీతము; స్త్రీకి అందులో సగము. గడువు తీరినవారు స్వతంత్రులై యచ్చటనే నిలిచిపోకుండుటకై 1895లో తలకు 3 పౌనుల సాలుపన్నును విధించు చట్టము చేసిరి. 3 పౌనులనగా 60 షిల్లింగులు. అనగా మగవాని 6 నెలల జీతము, ఆడుదాని యేడాది జీతము. 16 ఏండ్లు దాటిన పిల్లవానిమీదను, 13 ఏండ్లు దాటిన పిల్లమీదను గూడ తరువాత నీ పన్ను పడెను. పన్ను చెల్లింపలేనివారు మరల నొడంబడికకు లోబడుటయో, స్వదేశమునకు మరలుటయో తప్ప వేరు దారి లేదు. ఒక యింటి యాలుబిడ్డల నోటికాడి కూడు చట్టముచే నెట్లు లాగబడునో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

ఇట్టి స్థితిలో 1910 ఫిబ్రవరి 25వ తేదీన కలకత్తాలోని రాజప్రతినిధి శాసనసభలో గోపాలకృష్ణ గోఖలేగారు లేచి, నేటాలునకు కూలివారిని జేర్చుకొనుటను నిలుపవలెనని తీర్మానము ప్రతిపాదించిరి. మన రాజమహేంద్రవరవాసియగు న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఆ సభలో సభ్యులుగా నుండిన కాల మది. గోఖలేగారికి నేటాలు ప్రభుత్వముపై నధికార మేమియు లేదు. అచ్చటి పన్నును రద్దుచేయు శక్తియు లేదు. కాని నేటాలు చెరకుతోటలు మన కూలివారు లేక సాగవను సంగతి వారెరుంగుదురు. పరుల యింటి తలుపు మన చేతిలో లేకున్నను, మన యింటి తలుపు మన చేతిలో నున్నది గదా! ప్రభుత్వము వారి తీర్మానమును అంగీకరించెను. చట్టము సవరింపబడి, 1911 జూలై 1వ తేదీనుండి నేటాలునకు కూలివారిని బంపుట నిలిచిపోయెను.

అంతటితో కథ ముగియలేదు. ఒక్క నేటాలే కాదు, ఏ దేశమునకును ఈ యొడంబడికపై జనులను బంపరాదని 1912 మార్చిలో గోఖలేగారు మరల దీర్మానము దెచ్చిరి. ప్రభుత్వపక్షపు వోట్లు హెచ్చగుటచే నది వీగిపోయెను. మరుసటి యేడు, 1913 మార్చిలో, దక్షిణాఫ్రికాలో సర్లు అను న్యాయాధిపతి క్రైస్తవవిధిని గాక వేరువిధమున జరిగిన వివాహములు అచ్చటి చట్టము ననుసరించి చెల్లవని తీర్పు చెప్పెను. ఒక్క తీర్పుతో మన స్త్రీల మంగళసూత్రములకు విలువ లేకపోయెను! అంతవరకు వాకిలి దాటనివారును నాడు సత్యాగ్రహమునకు దిగిరి. కస్తూరిబాయిగారు చెరసాలకేగిరి. వల్లియమ్మ యను చిన్నది చెరలో జబ్బుపడి, విడుదలయైన కొలదిదినములకే 1914 ఫిబ్రవరిలో మరణించెను. ఆ యేటనే చేయబడిన చట్టమువలన 3 పౌనుల పన్ను పోయెను. మన వివాహములకు గుర్తింపు గలిగెను.

ఫిజీ ద్వీపములలో మరియొక కథ జరిగెను. గోరఖపురమునకు జెందిన కుంతి యను కూలిస్త్రీ 1913లో నరటితోటలో నొంటరిగా బనిచేయుచుండగా, తోట యధికారి దురుద్దేశముతో సమీపించెను. ఆమె తప్పించుకొని నదిలో దుమికి, చిన్న నావయందున్న యొక బాలునిచే బ్రతికి బయటపడెను. ఆమె కథ హిందీ పత్రికయగు “భారతమిత్ర”లో అచ్చుపడగానే దేశము కలతపడెను. ఇండియా ప్రభుత్వము విచారణ కోరెను. 1915లో సి. యఫ్. ఆండ్రూసుగారును, పియర్సనుగారును ఫిజీకి బోయి, కూలివారి లైనులను గన్నులార జూచి వచ్చి నివేదిక వ్రాసిరి. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలను మాత్రమే పంపు నిబంధనవలన అచ్చటి సంసారములు ఎట్లు చెడిపోయెనో వారు లోకమునకు దెలిపిరి.

1916 మార్చి 20వ తేదీన పండిత మదనమోహన మాలవీయగారు శాసనసభలో నీ పద్ధతిని తొలగింపవలెనని తీర్మానము దేగా, రాజప్రతినిధియగు హార్డింజి ప్రభువు అంగీకరించిరి. అంగీకరించియు నింకను గొన్నియేండ్లు గడువు కావలెననిరి. ఈ తరుణమున స్త్రీలు పూనుకొనిరి. హైదరాబాదున బుట్టిన సరోజినీదేవిగారు 1917 జనవరిలో అలహాబాదున ఈ విషయమై యుపన్యసించిరి. ఆ యేటనే బొంబాయి జైజీ పెటిట్ అమ్మగారు పూనికవహింపగా స్త్రీల రాయబార మొకటి రాజప్రతినిధిని దర్శించి, ఈ పద్ధతివలన స్త్రీల మానమునకు గలుగు హానిని విన్నవించెను. 1917 మార్చిలో కూలివారిని జేర్చుట నిలిచెను. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలిన యొడంబడికలును రద్దయ్యెను.

సోదరీమణులారా! గోఖలేగారి మొదటి తీర్మానమునుండి దీనికి 10 సంవత్సరములు పట్టెను. సభ్యుని నోట వచ్చిన మాటకు బలము సభాభవనములో బుట్టలేదు. అది కూలిలైనునుండి వచ్చిన యుత్తరములలో, ఊరు, పేరు, తేదీ గల సాక్ష్యములలో బుట్టినది. కుంతి నోరు మూసికొనియుండిన, ఆ సభలో మాటలాడువారికి ఆధారమేమి యుండెడిది?

ఇక నేటి సంగతి. ఉప్పుటేటి కిరుప్రక్కలనున్న పల్లెలనుండియు, మెట్టయూళ్ళనుండియు అప్పు దీర్చుటకో, ఇల్లు కట్టుటకో, పిల్ల పెండ్లికో మన యాడువారు కువైటు మున్నగు దేశములకు బోవుచున్నారు. తాడేపల్లిగూడెపు స్టేషనులో రైలెక్కునప్పుడు చేతిలో నొక సంచి, చెవిలో నేజెంటు చెప్పిన మాట మాత్రమే యుండును. అచ్చట “కఫీ”లనబడు యజమాని పూచీపైననే వారి యునికి. అతనిని విడిచిన “అకామా” చెడును. పాసుపోర్టు అతని బీరువాలో నుండును. చాలమంది మంచి యిండ్లలో పనిచేసి సొమ్ముతో తిరిగివచ్చుచున్నారు. కాని జీతము రాక, నిద్ర లేక, దెబ్బలు దినువారును కలరు. కువైటులో 2015లో చేసిన చట్టము ఇంటిపనివారికి దినమునకు 12 గంటలకు మించిన పని కూడదనియు, వారమున కొక దినము విశ్రాంతి, ఏటికి 30 దినముల జీతముగల సెలవు నీయవలెననియు జెప్పినది. ఈ మాట మన పల్లె పడుచులలో నెందరికి దెలియును?

మన తలుపు నేడును మన చేతిలోనే యున్నది. 1983లో మన పార్లమెంటు ఎమిగ్రేషను చట్టము చేసెను. 30 ఏండ్లు నిండని స్త్రీని గల్ఫుదేశములకు ఇంటిపనికై పంపరాదని నియమ మేర్పడెను. 2016లో అట్టి స్త్రీలను ప్రభుత్వసంస్థల ద్వారమున మాత్రమే చేర్చుకొనవలెనని కట్టడి చేసిరి. దీనిని దప్పించుటకే కొందరు దళారులు చూచిరమ్మను విజిట్ వీసాపై పంపుదురు. అట్లు పోయిన స్త్రీ పేరు ప్రభుత్వపు లెక్కలలో నుండదు. లెక్కలో లేని స్త్రీకై సభలో నెవ్వరు మాటలాడగలరు?

కావున ప్రతి గృహిణియు జేయదగినది కొంత కలదు. పోవువారి పాసుపోర్టు, వీసా, ఒడంబడికల నకళ్ళు, యజమాని చిరునామా, ఏజెంటునకిచ్చిన సొమ్మునకు రసీదు – ఇవి యింట బెట్టెలో నుంచవలెను. విజిట్ వీసాపై పనికి బొమ్మన్నచో, అది మోసమని యెరుంగవలెను. ఆపద కలిగెనేని, 2015లో విదేశాంగశాఖ ప్రారంభించిన “మదద్” ద్వారా ఫిర్యాదు చేయవలెను. కువైటులోని మన రాయబారకార్యాలయమునకు దెలుపవలెను. దానితోపాటు తమ పార్లమెంటు సభ్యునికి తేదీలతో నుత్తరము వ్రాయవలెను. ఏలూరు, కైకలూరు ఏలూరు నియోజకవర్గమునను, తాడేపల్లిగూడెము, ఆకివీడు నర్సాపురము నియోజకవర్గమునను జేరియున్నవి. లోకసభలో నక్షత్రపు గుర్తుగల ప్రశ్నకు మంత్రి నోటితో సమాధానము చెప్పవలెను; గుర్తులేని దానికి వ్రాతపూర్వకముగ నీయవలెను. ఆ సమాధానము అచ్చుపడి నిలుచును. మరుసటి ప్రశ్న కదియే మెట్టు.

1902లోనే యేలూరునుండి “హిందూసుందరి” వెలువడి మన తెలుగు స్త్రీలకు చదువను, వ్రాయను బ్రోత్సాహ మిచ్చినది. ఆ యక్షరములకు ఇంతకంటె మంచి వినియోగ మేమున్నది? పొరుగింటి పిల్ల కువైటునుండి మూడునెలలుగా మాటలాడుట లేదని తల్లి కంటతడి పెట్టినప్పుడు, ఓదార్చి యూరకొనక, ఆమె ప్రక్కన గూర్చుండి యొక యర్జీ వ్రాసి యిండు. శాసనసభలో లేచు సభ్యునికి మాట యందవలసినది మన వంటయింటి గడపనుండియే.