మీకు తెలుసా? ఊపిరి కుదిరినంత తొందరగా ఎముక కుదరదు

పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో దాటాలి. ఇది 2022 తెలంగాణ నోటిఫికేషన్ నాటి లెక్క. 400 మీటర్ల ట్రాక్ మీద అయితే మగవాళ్లకు రౌండుకు 109 సెకన్లు కూడా దొరకవు, ఆడవాళ్లకు 160. అగ్నివీర్ ర్యాలీలో 60కి 60 మార్కులు కావాలంటే 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో అయిపోవాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ గ్రౌండ్లలో పొద్దుగాల ఐదింటికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని తిరిగే పిల్లల పరుగంతా ఈ అంకెల చుట్టే. వాళ్ల పక్కనే షుగర్ అదుపు కోసమో, పొట్ట తగ్గడానికో, ఊరికే సరదాకో పరుగెత్తే టీచర్లు, ఉద్యోగులు ఉంటారు. అవసరాలు వేరైనా మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఇద్దరి నోటా వచ్చే మాట మాత్రం ఒకటే: "అన్నా, బొక్క గుంజుతున్నది."

గుంజేది మోకాలి కింద, ముందువైపు చేతికి గట్టిగా తగిలే ఎముక. డాక్టర్లు టిబియా అంటారు. దాని లోపలి అంచు వెంట, కింది భాగంలో వచ్చే ఈ నొప్పిని షిన్ స్ప్లింట్స్ అంటారు. పరుగు మొదలెట్టగానే సలుపుతుంది. ఒకటి రెండు రౌండ్లు తిరిగాక తగ్గినట్టుంటుంది. ఇంటికొచ్చి కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ పట్టుకుంటుంది. ఆ మధ్యలో తగ్గడమే మోసం. 'ఒళ్లు వేడెక్కితే పోయే నొప్పే కదా' అని ఇంకో నాలుగు రౌండ్లు వేసేది అప్పుడే.

గట్టిపడే ముందు ఎముక బలహీనపడుతుంది

చాలామందికి తెలియని సంగతి ఇదే. రోజూ కొత్తగా భారం పడుతున్న ఎముకను శరీరం తిరగకడుతుంది. కానీ కట్టే ముందు కూల్చుతుంది. అలసిన పాత ఎముకను కొంత కరిగించి తీసేయడానికి రెండు మూడు వారాలు పడితే, ఆ ఖాళీలో కొత్త ఎముక నిండి గట్టిపడటానికి నెలలు పడుతుంది. పాత పెంకులు దించేసి కొత్తవి ఇంకా కప్పని ఇల్లు ఎలా ఉంటుందో నెలరోజుల సాధన దగ్గర కాలి ఎముక అలా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు అప్పటికే దారికొచ్చేస్తాయి. ఆయాసం తగ్గుతుంది, టైమింగ్ మెరుగవుతుంది, దాంతో కుర్రాడు వేగం పెంచుతాడు. వాన పడేది సరిగ్గా అప్పుడే.

2022 నియామకాల క్యాలెండర్ చూడండి. నోటిఫికేషన్ ఏప్రిల్‌లో వచ్చింది, ప్రిలిమ్స్ ఆగస్టులో జరిగింది, ఫలితాలు అక్టోబరు మూడో వారంలో వచ్చాయి, ఈవెంట్స్ డిసెంబరు 8న మొదలయ్యాయి. 'ముందు ప్రిలిమ్స్ గట్టెక్కితే గ్రౌండ్ సంగతి తర్వాత చూద్దాం' అనుకున్నవాళ్లకు మిగిలింది దాదాపు ఏడు వారాలు. అరిథ్‌మెటిక్, రీజనింగ్‌కు ఏడాది ముందే కోచింగ్‌లో చేరేవాళ్లు ఎముకకు ఏడు వారాలిస్తే అది ఏం చేస్తుంది? బీచుపల్లి పదో బెటాలియన్‌లో యూనిఫాం వేసుకోవాలన్న కోరిక ఉన్న పిల్లలు పుస్తకం తెరిచిన రోజే మెల్లగా పరుగు కూడా మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఒక్క 1600కు ఎన్ని దెబ్బలు?

నిమిషానికి 175 అడుగుల లెక్కన 7 నిమిషాల 15 సెకన్లలో సుమారు 1270 అడుగులు పడతాయి. పరుగులో ఒక్కో అడుగు నేలను తాకేటప్పుడు ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. 60 కిలోల మనిషికి అది 120 నుంచి 180 కిలోలు. ఇది చాలదన్నట్టు పిక్క కండరాలు లాగే లాగుడు కూడా ఆ ఎముక మీదే. పిక్క బలంగా ఉంటే ఎముక మీద భారం కొంత పంచుకుంటుంది. పిక్క అలసిపోతే మొత్తం ఎముకే మోయాలి.

గుర్రాలకూ తప్పదు

పందెపు గుర్రాల్లో రెండేళ్ల వయసువాటికి సాధన మొదట్లో ముందుకాళ్ల ముంగాలి ఎముక వాచి నొప్పి పెడుతుంది. మలక్‌పేట రేసుల సంగతి తెలిసినవాళ్లు ఈ మాట వినే ఉంటారు. గుర్రానికి అర్హత మార్కులు లేవు కాబట్టి దాన్ని నిలిపేస్తారు. మనవాడు మాత్రం మాత్ర మింగి పరుగెత్తుతాడు.

వారానికి పది శాతమే పెంచితే చాలా?

పరుగు పుస్తకాల్లో, యాప్‌లలో అందరూ చెప్పే సూత్రం ఇది: వారానికి పది శాతానికి మించి దూరం పెంచొద్దు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మందిని రెండు జట్లు చేసి దీన్ని పరీక్షించారు. ఒక జట్టు ఈ సూత్రం ప్రకారం 13 వారాలు నెమ్మదిగా, రెండోది మామూలుగా 8 వారాల్లో సాధన చేసింది. 2008లో వచ్చిన ఫలితం చూస్తే గాయాలు రెండింట్లోనూ సమానమే. ప్రతి అయిదుగురిలో ఒకరికి.

అంతకుముందు 1974లో అమెరికా నౌకాదళ అకాడమీ కొత్త విద్యార్థులు 2,777 మంది మీద ఇంకో ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మడమ కింద మెత్త పెట్టారు, పిక్క సాగదీసే వ్యాయామం చేయించారు, పరుగును మెట్లుమెట్లుగా పెంచి చూశారు. షిన్ స్ప్లింట్స్‌ను ఏదీ ఆపలేదు. వచ్చినవాళ్లకు మంచు, మందు, కట్టు అని రకరకాల చికిత్సలు చేసినా, ఉత్త విశ్రాంతి కంటే ఏదీ మెరుగని తేలలేదు.

మరి ఏం చేసినా లాభం లేదా? అలా కాదు. ఏ ఒక్క చిట్కా అందరినీ కాపాడదని మాత్రమే దీని అర్థం. ఎవరి కాలు ఎంత మోయగలదో నొప్పే చెబుతుంది, కాగితం మీది శాతం చెప్పదు. పరుగు తర్వాత నొప్పి పదికి రెండు లోపు ఉండి, తెల్లారేసరికి మాయమైతే కొనసాగించొచ్చు. మర్నాడు మంచం దిగగానే సలిపితే నిన్నటిది ఎక్కువైనట్టే.

విత్తన పత్తి చేను కూడా గ్రౌండే

నడిగడ్డలో విత్తన పత్తికి క్రాసింగ్ పని నడిచే రోజుల్లో కుర్రాళ్లు, ఆడపిల్లలు పొద్దంతా చేలో నిలబడే ఉంటారు. తెల్లవారుజామున పరుగెత్తి, పగలంతా సాళ్ల వెంట తిరిగి, సాయంత్రం మళ్లీ గ్రౌండ్‌కు వస్తే కాలికి అది మూడు పూటల డ్యూటీ. హైదరాబాదు కోచింగ్ పుస్తకంలోని షెడ్యూల్‌లో ఈ పని లెక్కకు రాదు. కూలికి పోయిన రోజు సాయంత్రం పరుగు మానేయడం సోమరితనం కాదు.

అడుగు చిన్నది చేస్తే

ఖర్చులేని మార్పు ఒకటుంది. పరుగులో కుడికాలు నేలను తాకినప్పుడల్లా లెక్కపెడుతూ అర నిమిషం పరుగెత్తండి. 40 వచ్చిందనుకోండి, నిమిషానికి 160 అడుగులు. దాన్నే 42, 44 దాకా తీసుకురండి. వేగం పెంచకుండా అడుగు పొడవు తగ్గించి, అడుగుల సంఖ్య పెంచాలి. ఇలా 5 నుంచి 10 శాతం పెంచితే ఎముక మీద పడే భారం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాలు ముందుకు బారచాపి మడమతో ధనామని కొట్టేవాళ్లకు దీనితో ఎక్కువ ఉపయోగం. మొదటి వారం ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక పిక్కలు. ఇంటి మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమలు పైకి లేపి, నెమ్మదిగా మెట్టు కిందికి దించాలి. మోకాలు నిటారుగా పెట్టి పదిహేను, కొంచెం వంచి పదిహేను. మోకాలు వంచితే లోపలి కండరానికి పని పడుతుంది, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే. రోజు విడిచి రోజు చాలు.

నేల గురించి వాదనకు అంతులేదు. సీసీ రోడ్డు చెడ్డది, ఎర్రమట్టి మంచిది అంటారు. నిజానికి గట్టి నేలకు శరీరం సర్దుకుంటుంది, ఉన్నట్టుండి నేల మారినప్పుడే తకరారు. మూడు నెలలు జూరాల కాలువ కట్ట మీది మెత్తటి మట్టిలో తిరిగి, చివరి పది రోజులు తారురోడ్డు ఎక్కితే కాలు తిరగబడుతుంది. రోడ్డు ఒక వైపుకే వాలి ఉంటే వెళ్లిన వైపునే తిరిగి రండి, అప్పుడు రెండు కాళ్లకూ వాలు సమానంగా పడుతుంది. ఎదురుగా వచ్చే బండ్లను మాత్రం చూసుకోండి. బూట్ల సంగతి ఒక్క ముక్కలో: అడుగున మెత్తదనం చచ్చిన బూటు ఎంత ఖరీదైనదైనా పాతదే.

నిద్ర, అంబలి

ఇజ్రాయెల్ సైన్యంలో కొత్త రిక్రూట్లకు ఎముకలు చిట్లడం (స్ట్రెస్ ఫ్రాక్చర్) పెద్ద బెడదగా ఉండేది. రాత్రి కనీసం 6 గంటల నిద్ర తప్పనిసరి చేసి, మార్చ్‌ల మొత్తం దూరం తగ్గించాక అది 60 శాతానికి పైగా తగ్గింది. అమెరికా నౌకాదళంలో చేరిన మహిళా రిక్రూట్లకు రోజూ కాల్షియం, విటమిన్ డి ఇచ్చి చూస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయని 2008లో తేలింది. మన ఇంట్లో తైదలున్నాయి. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తైద అంబలి, నువ్వులు, పెరుగు కొనగలిగినవే. బరువు తగ్గాలని పూట మానేసి పరుగెత్తే ఆడపిల్లలకు ఒక మాట: నెలసరి తప్పుతోందంటే ఎముక కూడా ఆకలితో ఉందని అర్థం. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

వేలితో చేసే పరీక్ష

ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. మూడు వేళ్ల వెడల్పు అంత మేర, అంటే ఐదు సెంటీమీటర్లకు పైగా నొప్పి పరుచుకుని ఉంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్. రూపాయి బిళ్లంత చోట, వేలు పెట్టి చూపించగలిగేలా నొప్పి ఉంటే, ఒంటికాలి మీద గెంతలేకపోతే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని అనుమానించాలి. పరుగెత్తే కొద్దీ పిక్క బిగుసుకుని పాదం తిమ్మిరెక్కితే అది వేరే జబ్బు, దానికీ డాక్టరే దిక్కు.

షిన్ స్ప్లింట్సే అయితే పరుగు ఆపండి, కదలిక ఆపక్కర్లేదు. సైకిల్ తొక్కొచ్చు. గుడ్డలో చుట్టిన మంచు పావుగంట పెడితే ఉపశమనం. నూనె పోసి ఎముక మీద గట్టిగా రుద్దించుకోవడం వద్దు. నొప్పి మాత్ర వేసుకుని టైమింగ్ పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, అది నొప్పిని దాస్తుందే గానీ ఎముకను బాగుచేయదు. వేగంగా నడిచినా, ఒంటికాలి మీద గెంతినా నొప్పి లేని రోజున నిమిషం పరుగు, నిమిషం నడకతో, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. స్టాప్‌వాచ్ వారానికి ఒక్కసారే తీయండి.

ఒకచోటే నొప్పి ఉన్నవాళ్లు నాటు కట్టు కట్టించుకుని కాలం గడపొద్దు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వాటి అనుబంధ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో సన్నని చీలిక కనిపించకపోవచ్చు. కాబట్టి 'ఎక్స్‌రేలో ఏమీ లేదు' అన్న కాగితం చేతికొచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లి, ఎంఆర్ఐ అవసరమా అని అడగండి.