ముఖం.. మైదానం.. మీ కథ!

'కెమెరా కొనివ్వండి' అని ఇంట్లో అడిగేశారు. 'ఫొటోలు తీస్తే కడుపు నిండుతుందా?' అన్నారు నాన్న. 'ఫోన్లో కెమెరా ఉందిగా, అది చాలదా?' అంది అమ్మ. మీకు కోపం వచ్చే ఉంటుంది. కానీ ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. కెమెరా బాడీ, రెండు లెన్సులు, మెమరీ కార్డులు, బ్యాగు కలిపితే చాలా ఇళ్లలో అది ఏడాది కాలేజీ ఫీజంత ఖర్చు. వాయిదాల్లో తీసుకున్నా ఆ వాయిదాలు కట్టేది మీరు కాదు.

కాబట్టి ఇప్పుడే గొడవ పెట్టుకోకండి. ఉన్న ఫోన్‌తోనో, స్నేహితుణ్ని అడిగి తెచ్చుకున్న పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తోనో ఒక ఏడాది పనిచేయండి. కనిపించిందల్లా తీసుకుంటూ పోతే ఏడాది చివర కార్డు నిండుతుంది తప్ప చెయ్యి తిరగదు. ముందు మనుషుల ముఖాలు, తర్వాత ఆటలు, ఆ తర్వాత మీకు మాత్రమే బాగా తెలిసిన ఒక విషయం.. ఈ వరసలో వెళ్లి చూడండి. కెమెరా కొనాలో వద్దో, కొంటే ఏది కొనాలో అప్పటికి మీకే తెలిసిపోతుంది. నాన్నకు చూపించడానికి చేతిలో ఫొటోలూ ఉంటాయి.

'కొంచెం నవ్వండి' అనొద్దు

మొదట వెలుతురు. మధ్యాహ్నం పన్నెండింటికి స్నేహితుణ్ని డాబా మీద నిలబెట్టి ఒక ఫొటో తీయండి. కళ్ల దగ్గర గుంతలు, ముక్కు కింద మీసంలా నల్లటి నీడ. అదే మనిషిని అదే సమయంలో ఇంటి గుమ్మంలో, ఎండ నేరుగా పడని చోట, ముఖం బయటి వైపు ఉండేలా కూర్చోబెట్టి మరొకటి తీయండి. ఆకాశం నుంచి వచ్చే వెలుతురు ముఖం మీద మెత్తగా పరుచుకుంటుంది. కళ్లలో చిన్న మెరుపు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క లేకపోతే ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా కళ్లు నిద్రపోతున్నట్టే ఉంటాయి. ముఖంలో ఒకవైపు మరీ చీకటిగా ఉంటే ఆ పక్కన తెల్లటి థర్మోకోల్‌ షీటో, తాతయ్య పంచో పట్టుకోమనండి. ఖర్చు లేని రిఫ్లెక్టర్‌ అదే.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఒక మాట. ముఖానికి బాగా దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి వెళ్లి 2ఎక్స్‌ పెట్టుకోండి. పోర్ట్రెయిట్‌ మోడ్‌ను మరీ నమ్ముకోవద్దు. వెనక ఉన్నదాన్ని అది లెక్క కట్టి మసకబారుస్తుంది. లెక్క తప్పిందంటే జుట్టు అంచులు, చెవి జుంకాలు కూడా అందులో కలిసిపోతాయి. కెమెరా ఉంటే దాంతోపాటు వచ్చే 18-55 లెన్స్‌ను 55 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఇప్పటికి అది చాలు.

వెలుతురు కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. మనుషులు అంత తొందరగా పట్టుబడరు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌ (1844-1905) పేరు వినే ఉంటారు. రూర్కీలో ఇంజినీరింగ్‌ చదివి, ఇందౌర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీలోకి వచ్చిన మనిషి. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ అయ్యారు. ఆయన తీసిన నవాబుల ఫొటోలు, మేడల ఫొటోలు ఇప్పటికీ చూస్తుంటాం. వాటికంటే నాకు గొప్పగా అనిపించేది ఆయన 1892లో హైదరాబాద్‌లో తెరిచిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోరు కాబట్టి దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. అంటే కూర్చునే మనిషికి ఇబ్బంది లేని చోటు తయారుచేశాకే ఫొటో సంగతి చూశారన్నమాట.

మీ స్టూడియో మీ వీధే. టైలర్‌, టీ కొట్టాయన, ఇస్త్రీ బండి దగ్గరుండే అక్క, అపార్ట్‌మెంట్‌ వాచ్‌మన్‌, హాస్టల్‌ వంటామె.. అలా ముప్ఫై మందిని ఎంచుకోండి. ఒక్కొక్కరితో పావుగంట. అందులో మొదటి ఐదు నిమిషాలు కెమెరా సంచిలోనే ఉండాలి. 'బాబాయ్‌, ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నా, మీ ఫొటో ఒకటి తీసుకోనా?' అని అడగండి. చాలామంది జుట్టు సర్దుకుని, చొక్కా కిందికి లాక్కుని, ఆధార్‌ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారు. అప్పుడు 'కొంచెం నవ్వండి' అంటే పళ్లు కనిపిస్తాయి గానీ నవ్వు రాదు. 'మీ పని మీరు చేసుకోండి' అనండి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు టైలర్‌ ముఖమంతా ఒక్క చోటికి వచ్చేస్తుంది చూడండి, అదీ ఫొటో.

వద్దంటే మాత్రం 'సరే బాబాయ్‌' అని టీ తాగి వచ్చేయండి. పిల్లల్ని తీయాలంటే అమ్మానాన్నల్ని అడగాలి. ఫొటోకు ఒప్పుకొన్నారంటే ఇన్‌స్టాలో పెట్టడానికి ఒప్పుకొన్నట్టు కాదు, అది విడిగా అడగాల్సిందే. తీసినవాటిలో మంచిది ఒకటి ప్రింటు వేయించి ఇచ్చి రండి. రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లు మీ ముందు కూర్చునే తీరే మారిపోతుంది.

ఎక్కడ కూర్చున్నారన్నదే సగం ఆట

పోర్ట్రెయిట్‌లో 'ఇంకోసారి' అనొచ్చు. ఆటలో అనలేం. అందుకే ఇది వేరే బడి.

అమెరికాలో నీల్‌ లైఫర్‌ అనే కుర్రాడు ఉండేవాడు. టికెట్‌ కొనే స్తోమత లేక, వీల్‌చైర్లలో వచ్చే మాజీ సైనికుల్ని లోపలికి తోసుకెళ్లే పనిలో చేరి న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలోకి వెళ్లేవాడు. 1958 డిసెంబర్‌ 28న, సరిగ్గా తన పదహారో పుట్టినరోజున, అమెరికన్‌ ఫుట్‌బాల్‌ ఛాంపియన్‌షిప్‌ ఫైనల్లో గెలుపు తేల్చిన ఆఖరి క్షణాన్ని ఫొటో తీశాడు. దాదాపు ఆరున్నరేళ్ల తర్వాత, 1965 మే 25న, కింద పడిపోయిన సోనీ లిస్టన్‌ మీదికి వంగి గర్జిస్తున్న మహ్మద్‌ అలీని పట్టుకున్నదీ అతనే. అప్పటికి అతడికి 22 ఏళ్లు. ఆ ఫొటో దొరికితే అలీ కాళ్ల మధ్యలోంచి చూడండి. రింగ్‌ అవతల కెమెరాతో ఉన్న మరో ఫొటోగ్రాఫర్‌ కనిపిస్తాడు. పేరు హెర్బ్‌ షార్ఫ్‌మన్‌, లైఫర్‌ కంటే సీనియర్‌. ఆ క్షణంలో అతడికి కనిపించింది అలీ వీపు.

మీ కాలేజీ కబడ్డీలోనూ ఇదే లెక్క. రైడ్‌కి ఉన్నది 30 సెకన్లు. రైడర్‌ వెళ్లేటప్పుడు కంటే దొరికిపోయి, నలుగురు కాళ్లు పట్టుకు లాగుతుంటే మధ్యగీత కోసం చెయ్యి చాచే క్షణంలో అసలు ఫొటో ఉంటుంది. ఆ చెయ్యి, ఆ ముఖం రెండూ కనపడాలంటే మీరు రైడర్‌ సొంత కోర్టు వైపు, మధ్యగీతకు కొంచెం ఏటవాలుగా కూర్చోవాలి. డిఫెండర్ల వెనక కూర్చుంటే అన్నీ వీపులే. పైగా రెండు జట్లూ ఒకదాని తర్వాత ఒకటి రైడ్‌కి వెళ్తాయి కాబట్టి అదే చోటి నుంచి మరుసటి రైడ్‌లో ప్రత్యర్థి మీకు ఎదురుగా వస్తాడు. చోటు మార్చకుండా రెండు రకాల ఫొటోలు! నిలబడి తీయకండి, మోకాళ్ల మీద కూర్చోండి. వెనక ప్లాస్టిక్‌ కుర్చీలు, పార్క్‌ చేసిన బైకులు కనపడని మూల వెతుక్కోండి. ముందుగా పీఈటీ సర్‌ని అడిగి, రిఫరీకి అడ్డం రాకుండా ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఫ్లాష్‌ మాత్రం వద్దే వద్దు.

సెట్టింగుల మాట. పగలు ఆరుబయట షట్టర్‌ స్పీడ్‌ 1/1000 పెట్టుకోండి. ఇండోర్‌లో కనీసం 1/500, అందుకోసం ఐఎస్‌ఓ 3200 దాటినా పర్వాలేదు. ఫొటోలో గింజలు పడితే భరించొచ్చు, ముఖం చెదిరిపోతే ఏమీ చేయలేం. ఫోకస్‌ కదిలే మనిషిని వెంటాడే మోడ్‌లో ఉండాలి. కెనాన్‌లో దాన్ని ఏఐ సర్వో అంటారు, నికాన్‌, సోనీల్లో ఏఎఫ్‌-సి. ఇండోర్‌ స్టేడియంలో కొన్ని ఫొటోల్లో అడ్డంగా చారలు వస్తే కెమెరా చెడిపోయిందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ కావడంతో కొన్ని రకాల లైట్లు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు గానీ వేగంగా తీసే షట్టర్‌కు తెలుస్తుంది. యాంటీ ఫ్లికర్‌ అనే ఆప్షన్‌ ఉంటే ఆన్‌ చేసుకోండి.

ఫోన్‌ ఒక్కటే ఉన్నవాళ్లు దూరపు ఆటను జూమ్‌ చేసి పాడుచేసుకోవద్దు. బెంచీ దగ్గరికి వెళ్లండి. షూ లేసు కట్టుకుంటూ పెదవి కొరుక్కునే అమ్మాయి, ఓడిపోయాక నీళ్ల సీసా తలమీద గుమ్మరించుకునే కెప్టెన్‌.. గెలిచినవాళ్ల ఫొటో అందరూ తీస్తారు.

అన్నట్టు, ఈ చదువు పెళ్లి పందిట్లో కూడా పనికొస్తుంది. జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర దించే క్షణం మళ్లీ రాదు. వధువు కళ్లు ఎటు లేస్తాయో ముందే ఊహించి అక్కడ ఉన్నవాడికే ఆ ఫొటో దక్కుతుంది.

మీ ఇంట్లోకి ఇంకెవరు రాగలరు?

చేయి తిరిగిన చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫొటోలు శుభ్రంగా ఉంటాయి, షార్ప్‌గా ఉంటాయి, కానీ ఎవరు తీశారో చెప్పలేం. సూర్యాస్తమయం, రైలు పట్టాలు, నీటిచుక్క మీద పువ్వు.. ఇవి ఎవరైనా తీయగలరు. బ్లాక్‌ అండ్‌ వైట్‌లోకి మార్చినంత మాత్రాన అవి మీవి అయిపోవు.

మీకు తలుపు తెరిచి ఉండి, బయటివాళ్లకు మూసి ఉన్న చోటు ఒకటి ఉంటుంది. సిరిసిల్ల మగ్గాల షెడ్డులో రాత్రి డ్యూటీ చేసే మావయ్య కావొచ్చు. జగిత్యాలలో బీడీలు చుడుతూనే సీరియల్‌ చూసే అమ్మ కావొచ్చు. నాన్న పంక్చర్‌ షాపు, కొడుకు గల్ఫ్‌లో ఉంటే ఒంటరిగా ఉండే నానమ్మ, రోజూ మిమ్మల్ని కాలేజీకి తీసుకెళ్లే పల్లెవెలుగు బస్సు.. ఏదైనా సరే. ఎంత పేరున్న ఫొటోగ్రాఫర్‌ వచ్చినా ఆ ఇంట్లో అతడు చుట్టమే, మీరు కాదు.

దయానితా సింగ్‌ అహ్మదాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ (ఎన్‌ఐడీ)లో చదువుకునే రోజుల్లోనే తబలా విద్వాంసుడు జాకీర్‌ హుస్సేన్‌ వెంట కచేరీలకు తిరుగుతూ ఏళ్ల తరబడి ఫొటోలు తీశారు. 1986లో అదే ఆమె తొలి పుస్తకమైంది. 2022లో హాసెల్‌బ్లాడ్‌ అవార్డు అందుకున్న ఫొటోగ్రాఫర్‌ ప్రయాణం మొదలైంది ఒకే మనిషిని విసుగు లేకుండా చూడటంతో.

మీరు మూడు నెలలు చూడండి. వారానికి రెండుసార్లు, అదే చోటు, వేర్వేరు వేళలు. మొదటి నెల ఫొటోలు మామూలుగానే ఉంటాయి. ఎదుటివాళ్లు కెమెరాను మరిచిపోయేది రెండో నెలలో. చివర్లో ఓ నలభై ఫొటోలు చిన్న సైజు ప్రింట్లు తీయించి నేల మీద పరవండి. ఫోన్‌ తెరమీద ఇది కుదరదు. ఏ రెండు ఒకే మాట చెబుతున్నాయో చూసి ఒకటి తీసేయండి. అలా పన్నెండుకు రావాలి. మీకు బాగా నచ్చింది కూడా కథలో ఇమడకపోతే పక్కన పెట్టాల్సిందే, అది కష్టమే. తర్వాత ఎవరికైనా చూపించి 'బాగున్నాయా?' అని కాకుండా 'ఏం కనపడింది?' అని అడగండి. ప్రతి ఫొటో వెనకా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాసిపెట్టుకోండి.

ఇందులో ఒక చిక్కుంది. బీడీలు చుట్టే అమ్మ వేళ్లు మీకు గొప్ప ఫొటోలా కనిపిస్తాయి. అమ్మకు మాత్రం అవి అరిగిపోయిన వేళ్లు. మీ కాలేజీ ఎగ్జిబిషన్‌లో మీ స్నేహితులంతా వాటిని చూడటం ఆమెకు ఇష్టమో కాదో మీకు తెలియదు. అందుకే గోడకు ఎక్కించక ముందు పన్నెండూ ఆమె ముందు పెట్టండి. 'ఇది వద్దురా' అంటే ఎంత మంచి ఫొటో అయినా తీసేయండి. బహుమతి మీకొస్తుంది, ఆ వీధిలో రేపు నడిచేది ఆమె. ఒక్కోసారి ఇంట్లోవాళ్లు మీరు వదిలేసిన ఫొటోను చూపించి 'ఇదెందుకు పెట్టలేదు?' అంటారు. ఆ మాట వినండి.

మరి పని ఎక్కడ?

నిజం చెప్పుకోవాలంటే, మన దగ్గర కొత్తవాళ్లకు ముందుగా దొరికే పని పెళ్లిళ్లే. దాన్ని చిన్నచూపు చూడకండి. ఊళ్లోని మంచి స్టూడియోలో సెలవుల్లో అసిస్టెంట్‌గా చేరితే లైటు స్టాండు మోయడంతోపాటు ఆల్బమ్‌ డిజైన్‌, కస్టమర్‌తో మాట్లాడటం, బాకీ అడగటం కూడా వస్తాయి. రోజుకు ఎంత ఇస్తారో ముందే మాట్లాడుకోండి. ఇవి కాక ఆన్‌లైన్‌ అమ్మకాలకు వస్తువుల ఫొటోలు, హోటళ్లకు ఆహార పదార్థాల ఫొటోలు, టోర్నమెంట్లు, పత్రికలు ఉన్నాయి.

కాపీరైట్‌ సంగతి తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్‌ చట్టం ప్రకారం మీ అంతట మీరు తీసిన ఫొటోపై హక్కు మీదే. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు వాళ్లకు వెళ్తుంది. పెళ్లి ఫొటోలు మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలనుకుంటే ఆ ముక్క అడ్వాన్స్‌ రసీదు మీదే రాయించుకోండి.

ఏడాదయ్యాక కూడా కెమెరా కొనాలనే ఉంటే, మీ ఫొటోలు చూసి నిర్ణయించుకోండి. ముఖాలవైపు మొగ్గితే సెకండ్‌హ్యాండ్‌ బాడీ, 50 ఎంఎం ఎఫ్‌ 1.8 లెన్స్‌తో చాలాకాలం నడుస్తుంది. కొనేముందు షట్టర్‌ ఎన్నిసార్లు పడిందో కనుక్కోండి. ఆటలవైపు మొగ్గితే 70-200 లాంటి బరువైన లెన్స్‌ను పెద్ద ఊళ్లలో రోజు అద్దెకు ఇస్తారు, అదే తెచ్చుకోండి.

చదువుగానే తీసుకోవాలనుకునేవారికి హైదరాబాద్‌ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. ఇంటర్‌ తర్వాత ప్రవేశపరీక్ష రాయాలి. డిగ్రీ అయ్యాక ఎన్‌ఐడీ గాంధీనగర్‌ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డిజైన్‌ చేయొచ్చు, దానికి డీఏటీ పరీక్ష. తేదీలు, పేపర్ల వివరాలు ఏటా నోటిఫికేషన్లలో వస్తాయి. ఇంటర్వ్యూ దాకా వెళితే నేల మీద పరిచి ఎంచుకున్న ఆ పన్నెండు ప్రింట్లనూ, వెనక రాసిన వివరాలతో సహా, వెంట తీసుకెళ్లండి.