ఆశాభావము — అధ్యాపకుని వృత్తితృప్తి

ఒకే విశ్వవిద్యాలయమున, ఒకే శాఖలో, ఒకే జీతముపై పనిచేయు ఇద్దరు అధ్యాపకులను గమనించుడు. ఒకరు ఉత్సాహముతో తరగతికి పోవుదురు. మరియొకరు గంట ఎప్పుడు కొట్టుదురా యని ఎదురుచూచుచుందురు. పరిస్థితులు సమానమైనను ఈ భేదమెందులకు?

అమెరికా దేశమున ఫ్రెడెరిక్ హెర్జ్‌బర్గ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 1959లో ఈ విషయమై ఒక గ్రంథమును ప్రకటించెను. పిట్స్‌బర్గ్ ప్రాంతమునందలి సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను వారు ప్రశ్నించిరి. పనిలో సంతోషమునకు కారణములు వేరు, అసంతృప్తికి కారణములు వేరు అని వారికి తోచినది. జీతము, వసతులు, పైయధికారుల వైఖరి సరిగా లేనిచో మనిషి బాధపడును. కాని అవి చక్కబడినంతమాత్రమున తృప్తి కలుగదు. తృప్తి కలుగుటకు పనిలోని రుచి, బాధ్యత, సాధించితిమను భావము, నలుగురి గుర్తింపు కావలెను. ఈ విభజన అంత ఖచ్చితమైనది కాదని తరువాతివారు విమర్శించిరి. అయినను అందులో ఆలోచింపదగిన సత్యమున్నది.

అధ్యాపకవృత్తిలో చిక్కు ఇచ్చటనే కలదు. తాపీపనివాడు తాను లేపిన గోడను సాయంకాలమునకు చూచుకొనగలడు. అధ్యాపకుని శ్రమ ఏ పదేండ్లకో, ఎక్కడో దూరమున ఫలించును. పెక్కుసారులు ఆ ఫలితము ఆయన చెవిని పడనే పడదు. కంటికి కానరాని ఫలమును నమ్మి నేడు శ్రమించుటకు ఆశాభావము అవసరము.

ఆశాభావమనగా అంతయు మంచియే జరుగునను గుడ్డినమ్మకము కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాచార్యుడు మార్టిన్ సెలిగ్మన్ దీనిని, ఎదురుదెబ్బకు మనము చెప్పుకొను కారణమునుబట్టి వివరించెను. తరగతిలో సగముమంది తప్పినారనుకొందము. 'ఈ కాలపు పిల్లలే ఇంత. నాకు బోధించుట చేతగాదు' అని ఒకరు నిట్టూర్చుదురు. 'ఈ పాఠమునకు కావలసిన పునాది వీరికి లేదు. వచ్చే యేడు మొదటి రెండు వారములు దానికే కేటాయించెదను' అని మరియొకరు తలంతురు. మొదటివారి కారణము శాశ్వతము, సర్వవ్యాప్తము. రెండవవారి కారణము తాత్కాలికము, పరిమితము, కనుకనే మార్చదగినది. ఈ రెండవ అలవాటును అభ్యాసముచే నేర్చుకొనవచ్చునని సెలిగ్మన్ అభిప్రాయము. అయితే ప్రమాదము పెద్దదైన చోట జాగ్రత్తయే మేలని ఆయనయే హెచ్చరించెను.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్రలోనే ఇట్టి పరీక్షాసమయము కలదు. 1926లో స్థాపితమైన ఆ సంస్థ, 1942లో విశాఖపట్టణముపై బాంబులు పడిన పిమ్మట, యుద్ధకాలమున గుంటూరునకు తరలవలసివచ్చెను. అప్పుడు ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. స్థానము మారినను బోధన సాగినది; యుద్ధానంతరము సంస్థ తిరిగి వాల్తేరు చేరినది. కష్టము తాత్కాలికమని తలచి పని మానకుండుటయే ఆశాభావము.

ఇంతమాత్రమున అధ్యాపకుల కష్టములకు ఆశాభావమే మందు అనరాదు. డాక్టరు రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము బోధనాదర్శములతోపాటు అధ్యాపకుల జీతములను, హోదాలను కూడ చర్చించి సిఫారసులు చేసినది. నేడు మన తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో పెక్కుమంది కాంట్రాక్టు అధ్యాపకులుగను, అతిథి అధ్యాపకులుగను ఏండ్లతరబడి పనిచేయుచున్నారు. వచ్చే యేడు తన ఉద్యోగముండునో లేదో తెలియనివానికి 'ఆశతో ఉండుము' అని బోధించుట న్యాయము కాదు. ఆయన కష్టమునకు కారణము మనస్సులో లేదు, నియామక విధానములో ఉన్నది. దానిని సవరించుట ప్రభుత్వముల బాధ్యత, విశ్వవిద్యాలయముల బాధ్యత.

మనవంతు కార్యము ఒకటి మిగిలియున్నది. తృప్తికి మూలములలో గుర్తింపు ఒకటి యని చెప్పుకొంటిమి గదా. చదువు ముగించి స్థిరపడిన మీ ఇంటి బిడ్డ తన పాత గురువునకు ఒక ఉత్తరము వ్రాసినచో, ఆయన ఎన్నడును చూడని పంట కొంత ఆయన కన్నులయెదుటికి వచ్చును. ఆ మరునాటి పాఠమునకు అది ఎంతయో బలము.