2016 వాయుసేన ఎ.ఎన్-32 విమాన ప్రమాదం

2016 జూలై 22న భారత వాయుసేనకు చెందిన ఎ.ఎన్-32 రవాణా విమానం (సంఖ్య కె2743) చెన్నై సమీపంలోని తాంబరం వైమానిక స్థావరం నుండి అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుండి శ్రీ విజయపురం) వెళుతూ బంగాళాఖాతంపై అదృశ్యమైనది. విమానంలో మొత్తం 29 మంది ఉన్నారు. వీరిలో ఆరుగురు విమాన సిబ్బంది, ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారంలో పనిచేస్తున్న పౌర ఉద్యోగులు. విమాన శకలాలు దాదాపు ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, సముద్రంలో 3,400 మీటర్ల లోతున గుర్తించబడ్డాయి.

ఈ ప్రమాదం యుద్ధ సమయంలో జరిగినది కాదు. క్రమం తప్పక నడిచే ఒక మామూలు సర్వీసులో జరిగినది. సైనిక రవాణా విమాన సిబ్బంది సేవ చాలావరకు ఇటువంటి మామూలు రోజులలోనే జరుగుతుంది. అందువలన ఈ సేవను, వారి కుటుంబాల త్యాగాన్ని గుర్తించి గౌరవించే విధానాలను అర్థం చేసుకోవటానికి ఈ ఘటన ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

భారత వాయుసేన 1932 అక్టోబరు 8న ఏర్పడినది. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే దాని రవాణా విభాగానికి పెద్ద పరీక్ష ఎదురైనది. 1947 అక్టోబరు 27న డకోటా విమానాలు ఢిల్లీ నుండి శ్రీనగర్‌కు సైనికులను చేరవేసాయి. ఆ తరువాత ముట్టడిలో చిక్కుకున్న పూంచ్ పట్టణానికి మెహర్ సింగ్ నాయకత్వంలో విమానాలు ఆయుధాలను, ఆహారాన్ని అందించి, తిరుగు ప్రయాణంలో కాందిశీకులను తరలించాయి. 1948 మే 24న మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని 11,000 అడుగులకు పైగా ఎత్తున ఉన్న లేహ్‌లో డకోటాను దింపారు. ఆయనకు మహావీర చక్ర లభించినది.

ఎ.ఎన్-32 విమానాన్ని అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆంటొనోవ్ సంస్థ రూపొందించినది. వేడి ప్రదేశాలలోను, ఎత్తైన ప్రదేశాలలోను పనిచేయగల విమానం కావాలన్న భారతదేశ అవసరం ఈ నమూనాకు ముఖ్య కారణం. 1984 నుండి ఇది వాయుసేనలో ఉన్నది. రెండు టర్బోప్రాప్ ఇంజన్లతో నడిచే ఈ విమానం సుమారు 6.7 టన్నుల బరువును మోయగలదు. 2008 మే 31న ఒక ఎ.ఎన్-32 విమానం లడఖ్‌లో 16,000 అడుగులకు పైగా ఎత్తున ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగినది.

విమాన సిబ్బంది

రవాణా విమానంలో పైలట్లతో పాటు దారి నిర్ణయించే నావిగేటరు, ఇంజన్లను, ఇతర యంత్ర వ్యవస్థలను కనిపెట్టుకొని ఉండే ఇంజనీరు, సరుకుల బాధ్యత వహించే లోడ్ మాస్టరు వంటి వారుంటారు. లోడ్ మాస్టరు పని పైకి మూటలు సర్దడంలా కనిపించినా దానిలో ఖచ్చితమైన లెక్క ఉన్నది. బరువు ముందుకు గాని వెనుకకు గాని ఎక్కువైతే విమానం గురుత్వ కేంద్రం మారి అదుపు తప్పుతుంది. గాలిలో కుదుపులు వచ్చినపుడు సరుకు కదలకుండా గొలుసులతోను, వలలతోను బిగించాలి. నేలపై ఉండి విమానాన్ని ప్రయాణానికి సిద్ధం చేసే సాంకేతిక సిబ్బంది వీరికి అదనం.

ప్రయాణం, అదృశ్యం

కె2743 విమానంలో ఆరుగురు సిబ్బందితో పాటు 11 మంది వాయుసేన ఉద్యోగులు, ఇద్దరు పదాతిదళ సైనికులు, నౌకాదళం నుండి ఒకరు, తీర రక్షక దళం నుండి ఒకరు, విశాఖపట్నం ఆయుధాగారానికి చెందిన ఎనిమిది మంది ఉన్నారు. ఈ ఎనిమిది మంది నౌకాదళానికి సంబంధించిన సాంకేతిక పనుల కొరకు అండమాన్ వెళుతున్నారు. వారు సైనికులు కారు. యూనిఫారం లేని ఉద్యోగులు కూడా దేశ రక్షణ పనిలో ప్రాణాపాయాన్ని పంచుకుంటారనటానికి వీరి మరణం నిదర్శనం.

విమానం ఉదయం గం. 8:30కు తాంబరం నుండి బయలుదేరినది. మధ్యాహ్నం 12 గంటల లోపు పోర్ట్ బ్లెయిర్ చేరవలసి ఉన్నది. పైలట్‌తో చివరి సంభాషణ బయలుదేరిన 16 నిముషాలకు జరిగినది. గం. 9:12కు, చెన్నైకి తూర్పున సుమారు 280 కి.మీ. దూరంలో, విమానం రాడార్ నుండి మాయమైనది. అప్పుడది 23,000 అడుగుల ఎత్తున ప్రయాణిస్తున్నది. ఎడమవైపు తిరిగి, వేగంగా కిందికి దిగినట్లు రాడార్ నమోదులలో కనిపించినది.

గాలింపు

అదే రోజు నౌకాదళం, తీర రక్షక దళం, వాయుసేన కలిసి గాలింపు మొదలుపెట్టాయి. యుద్ధనౌకలు, పి-8ఐ నిఘా విమానాలు, ఒక జలాంతర్గామి ఇందులో పాల్గొన్నాయి. సముద్ర గర్భాన్ని పరిశీలించటానికి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన 'సాగర్ నిధి', భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన 'సముద్ర రత్నాకర్' నౌకలను రప్పించారు.

గాలింపు కష్టం కావటానికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి. మొదటిది, ఆ ప్రాంతంలో సముద్రం మూడు కిలోమీటర్లకు పైగా లోతు. రెండవది, అది ఋతుపవన కాలం. మూడవది, విమానంలో అత్యవసర సంకేతాలను పంపే పరికరాలు ఉన్నప్పటికీ, నీటి అడుగు నుండి శబ్ద సంకేతాలను పంపే పరికరం లేదు. రేడియో తరంగాలు సముద్రపు నీటిని దాటి రాలేవు. కావున విమానం మునిగిన తరువాత దాని ఆచూకీ తెలిపే సాధనం లేకపోయినది.

2016 సెప్టెంబరు 15న గాలింపును నిలిపివేసి, 29 మందీ మరణించినట్లు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేసారు.

కుటుంబాల నిరీక్షణ

భౌతికకాయం లభించని మరణం కుటుంబానికి రెండు విధాల కష్టం తెస్తుంది. ఒకటి మనసుకు సంబంధించినది. ఎప్పటికైనా తిరిగి వస్తారన్న ఆశ తెగదు. కర్మకాండలు జరపాలా, వద్దా, జరిపితే ఏ తిథిన జరపాలి అన్న ప్రశ్న ప్రతి ఇంటిలోను తలెత్తుతుంది. రెండవది చట్టానికి సంబంధించినది. మరణ ధృవీకరణ లేనిదే బీమా, వారసత్వం, బ్యాంకు ఖాతాల వంటి పనులు ముందుకు సాగవు.

ఒక వ్యక్తి గురించి అతని ఆచూకీ సహజంగా తెలియవలసిన వారికి ఏడు సంవత్సరాల పాటు ఏమీ తెలియకపోతే, అతడు బ్రతికే ఉన్నాడని చెప్పేవారే దానిని రుజువు చేయాలని 1872 నాటి భారతీయ సాక్ష్య చట్టం 108వ సెక్షను తెలిపినది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో కూడా ఈ సూత్రం కొనసాగుచున్నది. అయితే ఏడేళ్ళు ఏ ఆదాయమూ లేకుండా గడపటం ఏ కుటుంబానికైనా అసాధ్యం. అందుచేత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అదృశ్యమైనపుడు పోలీసులకు ఫిర్యాదు చేసిన తేదీ నుండి ఆరు నెలల తరువాత కుటుంబ పింఛను మంజూరు చేసే వీలు కల్పించబడినది. ఆ ఉద్యోగి తిరిగి వస్తే చెల్లింపులను సర్దుబాటు చేయటానికి అంగీకరిస్తూ కుటుంబ సభ్యులు ఒక పత్రం వ్రాసి ఇవ్వాలి. మరణించినట్లు శాఖయే అధికారికంగా ప్రకటించినపుడు ఈ నిరీక్షణ తగ్గుతుంది.

శకలాల గుర్తింపు

జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, విమానం తప్పిపోయిన ప్రాంతంలో స్వయంచాలిత జలాంతర వాహనాన్ని దించినది. మనిషి లేకుండా నడిచే ఈ వాహనం సోనార్‌తో, అనగా శబ్ద తరంగాలతో, సముద్రపు అడుగును చిత్రిస్తుంది. అనుమానాస్పద ఆకారం కనిపించిన చోట దగ్గరగా వెళ్ళి ఛాయాచిత్రాలు తీస్తుంది. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ళ దూరంలో లభించిన చిత్రాలను పరిశీలించి, అవి ఎ.ఎన్-32 విమానంతో సరిపోలుతున్నాయని రక్షణ మంత్రిత్వ శాఖ 2024 జనవరి 12న ప్రకటించినది. ఆ ప్రాంతంలో మరే ఇతర విమానమూ తప్పిపోయినట్లు నమోదు కాలేదు. కావున ఇవి కె2743 శకలాలేనన్న నిర్ణయానికి వచ్చారు. కుటుంబాలకు కనీసం తమవారు ఎక్కడ ఉన్నారన్న ప్రశ్నకు జవాబు దొరికినది.

ఇటువంటి ఇతర ఘటనలు

1968 ఫిబ్రవరి 7: చండీగఢ్ నుండి లేహ్ బయలుదేరిన ఎ.ఎన్-12 విమానం వాతావరణం బాగులేక వెనుదిరిగి, రోహ్‌తాంగ్ కనుమ ప్రాంతంలో అదృశ్యమైనది. అందులో 102 మంది ఉన్నారు. 2003లో పర్వతారోహకులకు శకలాలు కనిపించాయి. 2024 సెప్టెంబరులో, అనగా 56 ఏళ్ళ తరువాత, మరో నలుగురి భౌతికకాయాలు హిమానీనదం నుండి బయటపడ్డాయి.

1986 మార్చి 25: సోవియట్ యూనియన్ నుండి మస్కట్ మీదుగా జామ్‌నగర్ వస్తున్న కొత్త ఎ.ఎన్-32 విమానం ఏడుగురితో అరేబియా సముద్రంపై అదృశ్యమైనది.

2013 జూన్ 25: ఉత్తరాఖండ్ వరదలలో సహాయ కార్యక్రమాలలో ఉన్న మి-17 హెలికాప్టరు గౌరీకుండ్ సమీపంలో కూలి 20 మంది మరణించారు. వీరిలో ఐదుగురు వాయుసేన సిబ్బంది.

2019 జూన్ 3: జోర్‌హాట్ నుండి అరుణాచల్ ప్రదేశ్‌లోని మెచుకా వెళుతున్న ఎ.ఎన్-32 విమానం కొండలలో కూలి 13 మంది మరణించారు. ఎనిమిది రోజుల తరువాత శకలాలు కనిపించాయి.

గౌరవాలు, సంక్షేమం

వాయుసేన పతకం 1960లో నెలకొల్పబడినది. ఇది ధైర్యసాహసాలకే గాక విధి నిర్వహణలో అసాధారణ అంకితభావానికి కూడా ఇవ్వబడుతుంది. రవాణా సిబ్బందికి ఈ రెండవ అంశం ముఖ్యమైనది. శత్రువు ఎదురుగా లేని శాంతి సమయంలో చూపిన సాహసానికి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర పురస్కారాలు ఉన్నాయి.

సేవ కారణంగా సైనికుడు మరణించినపుడు కుటుంబానికి చివరి వేతనంలో 60 శాతం ప్రత్యేక కుటుంబ పింఛనుగా లభిస్తుంది. యుద్ధం, ఉగ్రవాదులతో పోరు వంటి సందర్భాలలో మరణించినవారి కుటుంబాలకు చివరి వేతనంతో సమానమైన పింఛను లభిస్తుంది. పౌర ఉద్యోగులకు వేరే నియమాలు వర్తిస్తాయి. ఒకే విమానంలో మరణించినవారి కుటుంబాలు వేర్వేరు నియమాల కిందికి వస్తాయన్నది గమనించవలసిన విషయం.

1949 నుండి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుతున్నారు. ఆ రోజున సేకరించే విరాళాలు మాజీ సైనికుల, అమరుల కుటుంబాల సంక్షేమానికి ఉపయోగిస్తారు. జిల్లాలలో ఈ పనులను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు చూస్తాయి. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైనది. అక్కడ అమరుల పేర్లను గ్రానైటు ఫలకాలపై చెక్కారు.

తెలుగు ప్రాంతాలలో

వాయుసేన రవాణా విభాగం సేవలు తెలుగువారికి తరచుగా ఆపద సమయాలలో కనిపిస్తాయి. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో ఆక్సిజన్ కొరత ఏర్పడగా, సి-17 విమానాలు హైదరాబాదు బేగంపేట నుండి ఖాళీ ట్యాంకర్లను భువనేశ్వర్‌కు చేరవేసాయి. ట్యాంకర్లు రోడ్డు మార్గంలో వెళ్ళి నింపుకొని రావటానికి పట్టే కాలం దీనివలన తగ్గినది. 2024 మార్చి 18న జాతీయ రహదారి 16పై అద్దంకికి సమీపాన ఉన్న కొరిశపాడు వద్ద, అత్యవసర సమయాలలో విమానాలు దిగటానికి నిర్మించిన రహదారి భాగంపై వాయుసేన విన్యాసాలు జరిపినది. వీటిలో ఎ.ఎన్-32 కూడా పాల్గొన్నది.

2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు వద్ద జరిగిన హెలికాప్టరు ప్రమాదంలో త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించినవారిలో చిత్తూరు జిల్లా (అప్పటి) ఎగువరేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ ఒకరు. డి.ఎన్.ఎ. పరీక్ష ద్వారా భౌతికకాయాన్ని గుర్తించిన తరువాత డిసెంబరు 12న స్వగ్రామంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, మార్కాపురం ప్రాంతాల నుండి కూడా యువకులు సైన్యంలో చేరుతున్నారు. గిద్దలూరులో రైలెక్కిన జవాను లడఖ్‌లో తన దళాన్ని చేరాలంటే, మంచు వలన దారులు మూసుకుపోయే నెలలలో విమానమే ఆధారం. సెలవుపై ఇంటికి రావటానికి, కొండలపై ఉన్న స్థావరాలకు సరుకులు, మందులు చేరటానికి, గాయపడినవారు ఆసుపత్రి చేరటానికి కూడా రవాణా విమానాలే తోడు. ఆ జవాను క్షేమంగా చేరినట్లు ఇంటికి ఫోను వచ్చిన ప్రతిసారి, దాని వెనుక పేరు తెలియని విమాన సిబ్బంది శ్రమ, ఆ సిబ్బంది కొరకు ఎదురుచూసే మరికొన్ని కుటుంబాల ఓర్పు ఉంటాయి. కె2743లో మరణించిన 29 మంది కుటుంబాలు అటువంటి ఫోను కొరకే ఎదురుచూసాయి.