పొరలు కలిసిన చెక్క: లాంగ్‌బోర్డు పలక కథ

పాత బాల్‌బేరింగులు మూడో నాలుగో సంపాదించి, వాటిని ఒక చెక్కకు బిగించి, వీధి వాలున జారిపోవటం మన దేశంలోని అనేక పట్టణాల, గ్రామాల పిల్లలకు తెలిసిన ఆటే. తెలుగునాట దీనిని బేరింగుల బండి అంటారు. తారురోడ్డుపై ఆ ఉక్కు చక్రాలు చేసే చప్పుడూ, ఆ చప్పుడు విని పెద్దలు వేసే కేకలూ ఆ ఆటలో భాగమే. ఆ బండికి దూరపు చుట్టమని చెప్పదగిన ఆట వస్తువు స్కేటుబోర్డు. అందులో పొడవైన రకాన్ని లాంగ్‌బోర్డు అంటారు. దాని పలకను ఇంటి వద్దనే, పలుచని చెక్క పొరలను అతికించి, తయారు చేసుకునే యువకులు అనేక దేశాలలో ఉన్నారు. ఆ పని వెనుక ఉన్న శాస్త్రమేమిటి? అది మన విద్యార్థులకు ఏమి నేర్పగలదు? ఈ విషయాలను వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

అలల మీది నుండి వీధికి

స్కేటుబోర్డు పుట్టిల్లు అమెరికాలోని కాలిఫోర్నియా. 20వ శతాబ్దం మధ్యకాలంలో అక్కడి సముద్రతీర యువకులు, అలలు లేని రోజులలో కాలక్షేపానికై, రోలర్ స్కేట్ల చక్రాలను ఊడదీసి చెక్కపలకకు బిగించి వీధులలో తిరిగారు. అలలపై పలక మీద నిలబడి సాగే సర్ఫింగ్ క్రీడను నేల మీదికి తెచ్చుకోవటమే వారి కోరిక. తొలినాటి చక్రాలు ఉక్కువి. తరువాత మట్టి మిశ్రమంతో చేసినవి వచ్చాయి. రెండూ దారిలోని చిన్న గులకరాయికే ఆగిపోయి, మనిషిని ముందుకు విసిరేసేవి. 1970ల తొలి సంవత్సరాలలో యూరిథేన్ అనే సాగుడు గుణం గల ప్లాస్టిక్‌తో చక్రాలు రావటంతో ఈ ఆట స్వరూపమే మారిపోయింది. అదే దశాబ్దంలో ఒంటిచెక్క పలకల స్థానాన్ని పొరల పలకలు ఆక్రమించాయి. కెనడా, అమెరికా అడవులలో పెరిగే గట్టి మేపిల్ చెట్టు నుండి తీసిన ఏడు పలుచని పొరలను అతికించి చేసే పలక క్రమంగా ప్రామాణికమైంది.

స్కేటుబోర్డులో ముఖ్యభాగాలు మూడు: మనిషి నిలబడే పలక, దాని కింద బిగించే రెండు ఇరుసుచట్రాలు, నాలుగు చక్రాలు. ఇరుసుచట్రాన్ని ఆంగ్లంలో ట్రక్కు అంటారు. దీనికీ లారీకీ సంబంధం లేదు. రైలుపెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రానికి అమెరికాలో ఉన్న పేరే ఇది. మనిషి ఒక పక్కకు ఒరిగితే ఇరుసుచట్రంలోని మెత్తని దిమ్మలు నొక్కుకుని, ఇరుసులు ఆ పక్కకు తిరుగుతాయి. చేతితో తిప్పే చుక్కాని లేకుండానే బండి మలుపు తిరగటంలోని రహస్యమిదే.

విన్యాసాలకు వాడే పొట్టి బోర్డు దాదాపు 80 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దూరప్రయాణానికి, మెలికలు తిరుగుతూ సాగటానికి ఉద్దేశించిన లాంగ్‌బోర్డు సాధారణంగా 90 సెంటీమీటర్లకు మించి ఉంటుంది. దాని చక్రాలు పెద్దవి, మెత్తనివి. పలక ఎంత పొడవైతే మనిషి బరువుకు అంతగా వంగుతుంది. ఆ వంపు కొంత అవసరమే. దారిలోని కుదుపును అది మింగుతుంది. ఎక్కువైతే మాత్రం పలక నేలకు తగులుతుంది, లేదా విరుగుతుంది. వాలుదారిలో వేగంగా పోతున్నప్పుడు పలక విరిగితే దాని పర్యవసానం మోకాలి గాయంతో ముగియకపోవచ్చు. కనుక ఈ ఆటలో చెక్కపని కేవలం అందానికి సంబంధించినది కాదు, దేహరక్షణకు సంబంధించినది.

ఒకే మానా, పలు పొరలా?

ఒక మాను నుండి కోసిన ఒంటిచెక్క బలమైనదనీ, అతుకులు పెట్టినది బలహీనమైనదనీ మన సాధారణ విశ్వాసం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని చెక్కకు పుట్టుకతోనే ఒక పక్షపాతం ఉన్నది. చెట్టు పొడవునా సాగే నారపోగుల వాటంలో చెక్క ఎంతో బలంగా ఉంటుంది. అడ్డంగా దాని బలం అందులో స్వల్పభాగమే. వంటచెరకును గొడ్డలితో నిలువునా సులువుగా చీల్చగలిగి, అడ్డంగా నరకటానికి అవస్థపడే ప్రతి వ్యక్తికీ ఇది అనుభవంలోని విషయమే. తేమకు ఉబ్బటం, ఎండకు కుంచించుకుపోవటం కూడా పొడవునా బహుస్వల్పం, అడ్డంగా ఎక్కువ. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవటానికి కారణం ఇదే.

పలుచని పొరలను తీసి, కొన్నింటిని నిలువు వాటంలో, కొన్నింటిని అడ్డు వాటంలో పేర్చి అతికిస్తే, ఒక పొర బలహీనతను పక్క పొర కాపాడుతుంది. ఒకటి ఉబ్బబోతే మరొకటి అడ్డుకుంటుంది. ఒక పొరలో ముడి ఉన్నా, పగులు ఉన్నా అది పలకంతటా వ్యాపించదు. మధ్యపొరకు ఇరువైపులా పొరలు సమంగా ఉండాలి కనుక వాటి సంఖ్య సాధారణంగా బేసి సంఖ్యగా ఉంటుంది. ఏడు పొరల పలకలో ఐదు నిలువుగా, రెండు అడ్డంగా పేర్చటం వాడుక. ఈ ఉపాయం కొత్తది కాదు. ప్రాచీన ఈజిప్టు సమాధులలోనే పొరలు కలిపిన చెక్కతో చేసిన శవపేటిక లభించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ తయారు చేసిన మస్కిటో యుద్ధవిమానం శరీరం కూడా పొరల చెక్కతో నిర్మించినదే.

లెక్క చెప్పే సత్యం

పొరలను కేవలం పేర్చటానికీ, అతికించటానికీ గల భేదాన్ని ఒక చిన్న ప్రయోగంతో తెలుసుకోవచ్చు. పేకముక్కల కట్టను రెండు చేతులతో పట్టుకుని వంచండి. సులువుగా వంగుతుంది. అంచులను గమనిస్తే ముక్కలు ఒకదానిపై ఒకటి జారి, మెట్లవలె కనిపిస్తాయి. అదే కట్టను జిగురుతో అతికించి, ఆరిన తరువాత వంచి చూడండి. అది వంగనని మొరాయిస్తుంది. జిగురు చేసిన పని ఒక్కటే: జారటాన్ని ఆపటం.

దీనికి లెక్క ఉన్నది. పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. ఒకే మందం గల మూడు పొరలను అతికించకుండా పేరిస్తే, వాటి బిగువు ఒక పొర బిగువుకు 3 రెట్లు. అతికిస్తే మందం మూడింతలు కనుక, మూడు ఘనం, అనగా 27 రెట్లు. పొరలు అవే, బరువు దాదాపు అదే, కాని బిగువు తొమ్మిదింతలు. అన్ని పొరలూ ఒకే వాటంలో ఉన్నాయనుకుని వేసిన లెక్క ఇది. అడ్డుపొరలు ఉంటే కొంత తగ్గుతుంది. ఈ లెక్క మరొక హెచ్చరిక కూడా చేస్తున్నది. అతుకు ఒకచోట విడిపోతే, ఆ మేరకు పలక 27 నుండి 3 వైపు జారుతుంది. అతుకు నాణ్యతే పలక నాణ్యత.

తయారీ విధానం

ఇంటి వద్ద గాని, పాఠశాల చేతిపనిశాలలో గాని అనుసరించదగిన సులభ విధానం ఒకటి ఇక్కడ వివరిస్తున్నాము. 4 మిల్లీమీటర్ల మందం గల మేలురకం ప్లైవుడ్ రేకులు మూడు తీసుకోవాలి. ఒక్కొక్కటి 110 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. పైపొరల నారవాటం పొడవునా సాగాలి. రేకు అంచులను నిశితంగా పరిశీలించి, లోపల సందులు ఉన్నవాటిని తిరస్కరించాలి.

తరువాత అచ్చు. పలకకు నడుమ కాస్త పైకి లేచిన వంపు ఇస్తే, మనిషి బరువుకు అది నేల వైపు మరీ దిగకుండా ఉంటుంది. గట్టి థర్మోకోల్ దిమ్మను ఆ వంపు ప్రకారం చెక్కి, నునుపు చేస్తే అచ్చు సిద్ధమవుతుంది. బిగింపు తీసిన తరువాత పలక కొంత వెనుకకు నిటారవుతుంది కనుక, కోరిన వంపుకంటే అచ్చులో కొంచెం ఎక్కువ ఉంచాలి.

జిగురు తడిని తట్టుకునే రకమై ఉండాలి. చదరపు మీటరుకు సుమారు 150 నుండి 200 గ్రాముల చొప్పున రెండు అతుకులకు కలిపి 100 నుండి 125 గ్రాములు సరిపోతుంది. జిగురు పూయక ముందే ఒకసారి అన్నీ పేర్చి, బిగించి చూసుకోవటం మంచిది. పూసిన తరువాత తడబడటానికి వ్యవధి ఉండదు. తడి జిగురుపై రేకులు జారిపోతాయి. అందుకని, తరువాత కోసివేయబోయే చివరి భాగాలలో సన్నని మేకులు దిగవేయాలి.

ఇక ఒత్తిడి. విదేశాలలో ఇంటి తయారీదారులు అనుసరించే ఒక పద్ధతి ఆసక్తికరమైనది. రేకులను అచ్చుతో సహా గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, చేతిపంపుతో లోపలి గాలిని తీసివేస్తారు. అప్పుడు వాతావరణమే బరువై కూర్చుంటుంది. వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము. మన రేకు వైశాల్యం 3,080 చదరపు సెంటీమీటర్లు. గాలిలో ముక్కాలు భాగం తీయగలిగినా రేకుపై పడే ఒత్తిడి రెండు టన్నులకు మించుతుంది! అదీ అన్నిచోట్లా సమానంగా. ఈ సాధనం లేనివారు అచ్చుకు జంటగా పైఅచ్చు కూడా చేసుకుని, వడ్రంగులు వాడే క్లాంపులను ప్రతి 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బిగించవచ్చు.

ఒక పూర్తి రోజు బిగింపు తీయరాదు. తీసిన తరువాత కూడా మరి కొన్ని రోజులు పలకను నీడన ఉంచాలి. జిగురులోని నీరు చెక్కలోకి ఇంకి ఉంటుంది. అది పోకముందే కోస్తే పలక మెలి తిరుగుతుంది. ఆపైన కాగితపు నమూనా ప్రకారం సన్నని పళ్ల రంపంతో కోసి, ఆకురాయితో అంచులు గుండ్రం చేసి, ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. చెక్కపొడి ఊపిరితిత్తులకు హానికరం. ముక్కుకు గుడ్డ కట్టుకోవటం అవసరం. ఇరుసుచట్రాన్నే పలకపై ఉంచి, నడిమిగీతకు సరిగా చూసుకుని, రంధ్రాలకు గుర్తులు పెట్టాలి. ఈ గుర్తు కొద్దిగా తప్పినా బండి జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. చివరగా వార్నిష్ పూయాలి. ముఖ్యంగా అంచులను మరువరాదు. తెగిన నారకొనలే నీటిని ఎక్కువగా తాగుతాయి. పైభాగాన కాలు జారకుండా గరుకు పట్టీ అంటించాలి.

ఇరుసుచట్రాలనూ, చక్రాలనూ మాత్రం ఇంట తయారు చేయటానికి పూనుకోరాదు. వాటిని కొనవలసినదే.

పలకను పరీక్షించటం

కోత తరువాత మిగిలిన ముక్కలను పారవేయకండి. అవే సాక్షులు. ఒక ముక్కను కొన్ని గంటలు నీటిలో మరిగించి, ఆరనిచ్చి, అతుకులో ఉలి పెట్టి విప్పండి. చెక్క నారలు చిరిగి వస్తే అతుకు చెక్కకంటే బలంగా ఉన్నదని అర్థం. జిగురు దగ్గరే శుభ్రంగా విడిపోతే, ఎంత శ్రమపడి చేసిన పలక అయినా దాని మీద ఎక్కరాదు. దానిని పుస్తకాల అరకు వాడుకోవచ్చు. పలకను నాణెంతో అంగుళం అంగుళం తట్టి చూడాలి. బోలుగా మోగినచోట లోపల జిగురు పట్టలేదన్నమాట. ఆ తరువాత పలక రెండు చివరలను ఇటుకలపై ఉంచి, నడుమ నిలబడి, ఎంత దిగినదో కొలవాలి. దిగిపోయాక అది పూర్వస్థితికి రావాలి. మరీ దిగినా, టిక్కుమని శబ్దం వచ్చినా నాలుగవ పొరతో మరొక పలక చేయవలసినదే. వీటన్నింటిలో నెగ్గిన పలకనైనా శిరస్త్రాణం, మోకాలి, మణికట్టు కవచాలు లేకుండా, వాహనాలు తిరిగే రోడ్డుపై వాడటం అవివేకం.

మన దేశంలో

గట్టి మేపిల్ మన అడవులలో లభించదు. కాని పొరల చెక్క పరిశ్రమ మనకు కొత్తది కాదు. ఒకప్పుడు ఈశాన్య రాష్ట్రాలు, ముఖ్యంగా అస్సాం, ఈ పరిశ్రమకు ఆటపట్టు. 1996 డిసెంబరులో అడవుల నరికివేతపై సుప్రీంకోర్టు విధించిన ఆంక్షల తరువాత ఆ స్థితి మారింది. రైతులు పొలంగట్లపై పెంచే పాప్లర్, నీలగిరి చెట్లపై ఆధారపడి హర్యానాలోని యమునానగర్, రబ్బరుతోటల కలప ఆధారంగా కేరళలోని పెరుంబావూరు ప్రధాన కేంద్రాలుగా ఎదిగాయి. తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణం ఉన్నది. కొనేటప్పుడు ఆ ముద్ర చూసుకోవటం విజ్ఞత. అనేక దేశాలలో పలకల తయారీకి వాడుతున్న వెదురు కూడా మన దేశంలో సమృద్ధిగా పండుతుంది.

ఆట విషయానికి వస్తే, మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న గ్రామం పేరు చెప్పుకోవలసి ఉంటుంది. 2015లో అక్కడ ఒక జర్మన్ మహిళ చొరవతో స్కేటింగ్ మైదానం వెలసింది. బడికి పోనివారికి బోర్డు లేదు, ఆడపిల్లలకే తొలి అవకాశం అన్నవి అక్కడ పెట్టుకున్న నియమాలు. అంతకుముందు వేర్వేరుగా మసలిన ఆదివాసీల పిల్లలూ, యాదవుల పిల్లలూ ఒకే మైదానంలో, ఒకరి చేయి మరొకరు పట్టుకుని, నిలబడటం నేర్చుకున్నారు. ఆ గ్రామానికి చెందిన గోండు బాలిక ఒకరు 2018లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో పాల్గొన్నది. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో స్కేటుబోర్డింగ్ మొదటిసారిగా చోటు సంపాదించింది. అక్కడ మహిళల వీధి విభాగంలో స్వర్ణపతకం గెలిచిన జపాన్ క్రీడాకారిణి వయస్సు 13 సంవత్సరాలు.

చేతిపనిలో చదువు

1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యకు చేతిపనే కేంద్రం. 1970ల చివర మన పాఠశాలలలో ప్రవేశించిన సమాజోపయోగ ఉత్పాదక కృషి అన్న పాఠ్యాంశం వెనుక ఉన్నదీ ఆ భావమే. ఒక పలక తయారీలో విద్యార్థి నేర్చుకునే విషయాలను లెక్కించి చూడండి: వృక్షశాస్త్రంలోని నార నిర్మాణం, భౌతికశాస్త్రంలోని వాతావరణ పీడనం, గణితంలోని ఘనం, వడ్రంగి చేతిలోని ఓర్పు. వీటికి తోడు, తన చేతిపనిని తానే పరీక్షించి, లోపముంటే తానే తిరస్కరించే నిజాయితీ. ఆ చివరి పాఠాన్ని ఏ పుస్తకమూ పూర్తిగా బోధించలేదు.

హిందీలో పరత్ అన్నా, తెలుగులో పొర అన్నా అది తనంతట తాను పలుచనిదే. పిల్లవాడి బరువును సైతం మోయలేదు. వేర్వేరు వాటాలు గల పొరలు తమ వాటం వదులుకోకుండానే ఒకదానినొకటి గట్టిగా పట్టుకున్నప్పుడు మాత్రమే వాటిపై నిలబడి ముందుకు సాగటం సాధ్యమవుతుంది. జిగురు ఆరేవరకు ఓపిక పట్టటమే అందులో కష్టమైన పని.