పద్యానికి లేని నత్తి

పద్యం చదువమంటే ఆ విద్యార్థి లేచి నిలుచుండి, మోహనరాగంలో ఒక సీసం ఎక్కడా తొట్రుపాటు లేకుండా చదివినాడు. తాత్పర్యం చెప్పమన్నాను. మొదటి అక్షరం మీదనే నాలుక నిలిచిపోయినది. తరగతిలో ఎవరో కిసుక్కుమన్నారు. “పద్యానికి లేని నత్తి తాత్పర్యానికి ఎక్కడినుండి వచ్చిందోయ్?” అన్నాను నేను. పాతికేండ్లుగా తెలుగు చెప్పుతున్నవాడిని. అంతకంటె తెలివితక్కువ మాట ఆ గదిలో ఎన్నడూ అని యుండను.

రాగంతో కూడిన పాటకూ, పదిమంది కలసి వేసే వల్లెకూ నత్తి సాధారణంగా అడ్డురాదని తరువాత చదివి తెలుసుకొన్నాను. అది నటన కాదు.

మన ఇండ్లలో పిల్లవానికి మాట రాకపోతే వస అరగదీసి నాలుకకు రాస్తారు; మాటలు మితిమీరితే వసపిట్ట అంటారు. ఈ రెంటి నడుమ తడబడేవానికి మాత్రం మనవద్ద ఉన్నది ఒక్క ఎగతాళి పేరే. నత్తి సాధారణంగా రెండేండ్లకూ అయిదేండ్లకూ మధ్య మొదలవుతుంది. నూటికి అయిదుగురు పిల్లలకు వస్తుంది. వారిలో పెక్కుమందికి దానంతటదే పోతుంది. పెద్దలలో మిగిలేది నూటికి ఒకరికి. ఆ మిగిలేవారెవరో ముందుగా చెప్పడం కష్టం గనుకనే చిన్ననాటి చికిత్సకు అంత విలువ.

ఐతే చికిత్స పేరిట చెరుపు కూడా జరుగవచ్చు. అమెరికాలోని అయొవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యులుండేవారు. ఆయనకూ నత్తియే. పిల్లవాని సహజమైన తడబాటుకు పెద్దలు నత్తి అని పేరు పెట్టడం వల్లనే అది నత్తిగా ముదురుతుందని ఆయన ఊహ. 1939లో జనవరి మొదలు మే వరకు, మేరీ ట్యూడర్ అనే శిష్యురాలి చేత డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలోని 22 మంది పిల్లలపై ప్రయోగం చేయించినారు. వారిలో చక్కగా మాట్లాడే ఆరుగురికి, మీకు నత్తి వస్తున్నదనీ, తప్పు లేకుండా చెప్పగలిగితేనే నోరు విప్పవలెననీ నూరిపోసినారు. ఆ పిల్లలకు నిజమైన నత్తి పట్టుకొన్నదని చెప్పలేము. కాని వారు మాటలు కుదించుకొన్నారు, పలుకరిస్తే జంకినారు. ట్యూడర్ మళ్లీ వెళ్లి ఆ ముద్ర తుడిచివేయబోయినది గాని అంతగా ఫలించలేదు. సంగతి 2001లో పత్రికలకెక్కినప్పుడు విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకొన్నది. 2007లో రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకొన్నది. అప్పటికి వారిలో కొందరు కన్నుమూసినారు.

నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చుకో, మొదటినుండి చెప్పు అని మన ఉపాధ్యాయులం దయతోనే అంటూ ఉంటాము. ఆ మాటలు అనాథాశ్రమంలో పలికినవాటికి దగ్గరి చుట్టాలు.

1980 తరువాత సిడ్నీలో రూపొందిన లిడ్‌కోంబ్ పద్ధతి దారి వేరు. ఆరేండ్లలోపు పిల్లలకు తల్లిదండ్రులే ప్రతిదినం కొంతసేపు, సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకొంటూ, తడబడినదానిని అరుదుగా, సుతిమెత్తగా ఎత్తిచూపుతూ సాగిస్తారు. మనదేశంలో ఇటువంటి చికిత్సకు మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసినది.

ఆ సాయంకాలం కుర్రవాడు నా గదికి వచ్చినాడు. చెప్పిన నాలుగు మాటలకు చాలాసేపు పట్టినది. గడియారం వైపు చూడకుండా ఉండడానికి నేను ప్రయత్నించినాను.

“చిన్నప్పుడు మా ఊరి పేరు పలకలేక, ముందరి ఊరికి టిక్కెట్టు తీసుకొని అక్కడినుంచి నడిచేవాణ్ణండి. పదకొండో ఏట డాక్టరమ్మగారు నన్ను బస్సెక్కించి, పక్కన కూర్చుని, ఊరి పేరు నాచేత చెప్పించారు. కండక్టరు నవ్వాడండి. టిక్కెట్టు మాత్రం ఇచ్చాడు.”

నత్తి పోలేదు కదా అన్నాను.

“లేదండి. కాని అప్పటినుంచి మా ఊరిలోనే దిగుతున్నాను. మీరు కూడా నా మాట మీరు పూర్తిచేయకుండా ఉంటే చాలండి.”

మరునాడు తాత్పర్యం మళ్లీ అతనినే అడిగినాను. ఏడు నిమిషాలు పట్టినది. ఒక సమాసానికి విగ్రహవాక్యం తప్పు చెప్పినాడు, అది దిద్దినాను.